హెపటైటిస్ సి కి 12 వారాల టాబ్లెట్ల కోర్సు – నా అనుభవం

ముందే చెప్పేస్తాను, నాకు వైరస్ పోయింది. కోర్సు అయిపోయిన మూడు నెలలకి చేసిన టెస్టులో నాట్ డిటెక్టెడ్ అని వచ్చింది, ఏడాది తర్వాత డాక్టర్ గారు మళ్ళీ చేయిస్తే అప్పుడూ అదే. కాబట్టి ఎవరికైనా ఈమధ్యే హెచ్‌సీవీ, అంటే లివర్‌ని పాడుచేసే హెపటైటిస్ సి వైరస్, పాజిటివ్ అని వచ్చి, అర్ధరాత్రి ఫోన్‌లో వెతుక్కుంటూ దీని దాకా వచ్చి ఉంటే, కాసేపు పడుకుని పొద్దున చదవండి, ఏమీ మునిగిపోదు. ఇప్పుడున్న మందులు నిజంగా పనిచేస్తాయి. నన్ను విసిగించింది మందు కాదు, మందు చేతికొచ్చే దాకా జరిగిన తతంగం, ఇంకా అయిపోయాక కూడా వదలని కొన్ని పనులు, వాటి గురించే ఎక్కువ రాస్తున్నా.

నాకు 2022లో గాల్ బ్లాడర్‌లో రాళ్ళని ఆపరేషన్ చేద్దామన్నారు. ఆపరేషన్ ముందు ఎవరికైనా వైరల్ మార్కర్స్ అని చేస్తారు కదా, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, అందులో సి పాజిటివ్ వచ్చింది. ఆ ప్రైవేట్ ఆస్పత్రిలో ఆ విషయం నాకు చెప్పిన పద్ధతి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది, వరండాలో పదిమంది కూర్చుని ఉండగా ఒక అబ్బాయి ఫైల్ పట్టుకుని వచ్చి "మేడమ్ మీకు హెచ్‌సీవీ ఉంది, ఆపరేషన్ పోస్ట్‌పోన్" అనేసి వెళ్ళిపోయాడు. పక్కనావిడ హెచ్ఐవీ అని విన్నట్టుంది, ఒక కుర్చీ అటు జరిగింది. మా వారికి కూడా ఏం అర్థం కాలా, ఇంటికొచ్చే దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలా.

నాకైతే ఆ పేరు కొత్త కాదు. మా మేనమామకి ఇదే జబ్బు. 2006లో ఆయనకి హైదరాబాద్‌లో ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు పెట్టారు, వారానికొకటి పొట్ట మీద, దాంతోపాటు రోజూ రిబావిరిన్ టాబ్లెట్లు, మొత్తం 48 వారాల కోర్సు. ఇంజక్షన్ చేసుకున్న రాత్రల్లా జ్వరం, వణుకు, రెండు దుప్పట్లు కప్పినా ఆగేది కాదు. రిబావిరిన్ వల్ల రక్తం పడిపోయింది, జుట్టు ఊడింది, అన్నిటికంటే ఘోరం మనిషి మనసు మారిపోవడం, ఎప్పుడూ జోకులేసే మామయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉండేవారు, అది కూడా ఆ మందు వల్లే అని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ వైరస్‌లో కొన్ని రకాలున్నాయి, వాటిని జెనోటైప్ అంటారు, ఆయనది జెనోటైప్ 1, ఆ రకానికి ఆ మందులతో సగంమందికి అటూఇటూగా తగ్గేది. కోర్సులో ఉన్నప్పుడు వైరస్ కనపడలేదు, ఆపేశాక మళ్ళీ తిరిగొచ్చింది. పొలం అమ్మిన డబ్బులు అందులోనే పోయాయి. 2012లో లివర్ క్యాన్సర్‌తో పోయారు. ఆ తర్వాత ఏడాదే, 2013 డిసెంబర్‌లో, అమెరికాలో ఈ జబ్బుకి సోఫోస్బువిర్ అనే టాబ్లెట్‌కి పర్మిషన్ ఇచ్చారు.

అప్పట్లో దాని ధర చూస్తే మామయ్య బతికి ఉన్నా కొనగలిగేవాళ్ళం కాదు లెండి, ఒక్కో టాబ్లెట్ వెయ్యి డాలర్లు, 12 వారాలకి 84 వేల డాలర్లు. 2014 సెప్టెంబర్‌లో ఆ మందు అమ్మే గిలియడ్ కంపెనీ మన దేశంలో కొన్ని కంపెనీలకి తయారుచేసుకోవడానికి లైసెన్సులు ఇచ్చింది, మన హైదరాబాద్ హెటెరో కూడా అందులో ఉంది, నాట్కో వాళ్ళు 2015లో హెప్సినాట్ పేరుతో 28 టాబ్లెట్ల డబ్బా 19,900కి తెచ్చారు. అమెరికాలో ఒక్క టాబ్లెట్‌కి అయ్యే డబ్బుకి ఇక్కడ 12 వారాల కోర్సు మొత్తం వచ్చేసేది. ఆ తర్వాత ఇంకా తగ్గింది, 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం వచ్చాక గవర్నమెంట్ ఆస్పత్రుల్లో ఫ్రీగానే ఇస్తున్నారు. ఇది చాలామందికి తెలీదు, నాక్కూడా గ్యాస్ట్రో డాక్టర్ గారు చెప్పే దాకా తెలీదు.

సరే, నా విషయానికొస్తా. మొదట చేసింది కార్డ్ టెస్ట్, అది యాంటీబాడీలు చూపిస్తుంది అంతే. అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ ఒంట్లోకి వచ్చింది అని మాత్రమే చెప్తుంది. వచ్చిన వాళ్ళలో నూటికి సుమారు 30 మందికి మందు లేకుండా దానంతట అదే పోతుందట, మిగతా వాళ్ళకి ఉండిపోతుంది. అందుకని రెండో టెస్ట్ ఆర్ఎన్ఏ, వైరల్ లోడ్ అంటారు, అది చేయాలి. నాకు లక్షల్లో వచ్చింది. ఆ అంకె చూసి గుండె జారిపోయింది కానీ డాక్టర్ గారు వైరల్ లోడ్ ఎంతుంది అన్నదాన్ని బట్టి లివర్ ఎంత పాడైందో తెలీదమ్మా, అది వేరే లెక్క అన్నారు. ఆ వేరే లెక్క ఫైబ్రోస్కాన్.

ఫైబ్రోస్కాన్ అంటే పక్కటెముకల మధ్య ఒక ప్రోబ్ పెట్టి టక్ టక్ మని కొడతారు, నొప్పి ఏం ఉండదు, లివర్ ఎంత గట్టిపడిందో కిలోపాస్కల్స్‌లో చెప్తుంది. నాకు 14 దాటి వచ్చింది. 12.5 దాటితే సిరోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం, కింద లెక్క వేస్తారట. ప్లేట్‌లెట్స్ కూడా లక్షా పదివేలు, మామూలుగా లక్షన్నర పైన ఉండాలి.

సిరోసిస్ అన్న మాట మా ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. మన దగ్గర సిరోసిస్ అంటే తాగుబోతు జబ్బు. నేను జన్మలో చుక్క ముట్టినదాన్ని కాదు, మా అత్తయ్య గారు అయితే డాక్టర్ గారి ముందే "మా కోడలు అలాంటిది కాదండీ" అనేశారు, ఆయన నవ్వి, అది నాకూ తెలుసమ్మా, ఇది రక్తంలోంచి వచ్చింది అన్నారు. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అని అడిగారు. ఎక్కించారు. 1995లో మా పెద్దాడు పుట్టినప్పుడు బ్లీడింగ్ ఆగక రెండు బాటిళ్ళు. ఈ వైరస్‌ని కనిపెట్టిందే 1989లో, మన దేశంలో బ్లడ్ బ్యాంకుల్లో రక్తానికి హెపటైటిస్ సి టెస్ట్ తప్పనిసరి చేసింది 2001లో. మధ్యలో ఎక్కించుకున్న మా లాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో, 20–30 ఏళ్ళు ఏ నొప్పీ లేకుండా అది లోపల లివర్‌ని తినేస్తూ ఉంటుంది, నాకు కొంచెం నీరసం తప్ప ఏం లేదు, ఆ నీరసం కూడా మెనోపాజ్ అనుకున్నాం. 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఒకే గాజు సిరంజి నీళ్ళలో ఉడకబెట్టి అందరికీ వేసిన రోజుల్లో ఇంజక్షన్లు వేయించుకున్నవాళ్ళు ఒక్కసారి ఈ టెస్ట్ చేయించుకోండి.

ఆ రోజు నాకు సిరోసిస్ కంటే పెద్ద భయం మా అమ్మాయి. పెద్దాడు పుట్టేటప్పుడు రక్తం ఎక్కించారు కాబట్టి వాడికి నా నుంచి వచ్చే ఛాన్స్ లేదు, కానీ అమ్మాయి పుట్టింది 1998లో, అప్పటికి నాకు ఉంది. దానికి సంబంధం ఖాయమై ముహూర్తాలు చూస్తున్న టైమ్ అది. తల్లి నుంచి బిడ్డకి వచ్చేది నూటికి 5, 6 మందికేనట, అయినా ఆ 5లో మనం ఉండమని ఎవరు చెప్పగలరు. దానికి ఫోన్ చేసి చెప్పడానికి నోరు రాలా, మా వారే చెప్పారు. అదే రోజు హైదరాబాద్‌లో టెస్ట్ చేయించుకుని సాయంత్రం రిపోర్ట్ పంపింది, నెగెటివ్. తర్వాత "అమ్మా నువ్వు ఏడవడం ఆపు, ముందు నీ మందులు మొదలుపెట్టు" అని నన్నే తిట్టింది. మా వారికీ నెగెటివే, భార్యాభర్తల మధ్య ఇది రావడం చాలా అరుదు. కలిసి తింటే, ముట్టుకుంటే, ఒకే బాత్రూమ్ వాడితే రాదు. రేజర్, బ్రష్, గోళ్ళు తీసుకునే కట్టర్ మాత్రం విడిగా ఉంచమన్నారు. అత్తయ్య గారు ఓ వారం నా కంచం, గ్లాసు వేరే గూట్లో పెట్టారు, నేనేం అనలేదు, డాక్టర్ గారు ఆవిడతోనే మాట్లాడాక మళ్ళీ ఆవిడే తీసి అన్నిటితో కలిపేశారు.

ఇక సలహాలు. ఎవరో కామెర్లకి పసరు పోస్తారని ఒక ఊరు చెప్పారు, ఇంకొకరు చేతి మీద వాత పెడితే పోతుందన్నారు, ఉప్పూ నూనే మానేసి చప్పిడి పథ్యం చేయమన్నవాళ్ళకి లెక్కే లేదు. నాకసలు కామెర్లే లేవు బాబూ అంటే ఎవరికీ ఎక్కదు. డాక్టర్ గారు మాత్రం గుడ్లు, పప్పులు బాగా తినండి, సిరోసిస్ ఉన్నవాళ్ళు పథ్యం పేరుతో మాడితే కండ కరిగిపోతుంది అన్నారు. పసరు మందుల్లో ఏముంటుందో తెలీదు, కొన్నిటితో ఉన్న లివర్ కూడా పోతుంది, అవి ముట్టుకోవద్దని గట్టిగానే చెప్పారు.

జిల్లా పెద్దాసుపత్రిలో ఆధార్ పెట్టి రిజిస్టర్ చేశారు. మళ్ళీ రక్తం తీశారు, హెపటైటిస్ బి ఉందేమో చూశారు, ఎందుకంటే రెండూ ఉన్నవాళ్ళకి సి పోతుంటే బి ఒక్కసారిగా విజృంభించే ప్రమాదం ఉంది. నాకు బి లేదు. ప్లేట్‌లెట్స్ తక్కువని ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో రక్తనాళాలు ఏమైనా ఉబ్బాయేమో చూశారు, లేవు. మొత్తానికి చైల్డ్ ఎ, అంటే సిరోసిస్ ఉన్నా లివర్ ఇంకా పని నెట్టుకొస్తోంది అని తేల్చారు. సిరోసిస్ లేనివాళ్ళకి అక్కడ సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ ఇస్తున్నారు, నాకు సోఫోస్బువిర్ 400, వెల్పటాస్విర్ 100 కలిసిన టాబ్లెట్ రాశారు, రోజుకొకటి, 12 వారాలు. అంతే. ఇంజక్షన్ లేదు. మామయ్య ఫ్రిజ్‌లో ఇంజక్షన్లు దాచుకున్న రోజులు గుర్తొచ్చి, చేతిలో ఉన్న ఆ చిన్న డబ్బా చూస్తే నమ్మబుద్ధి కాలేదు.

ఎంతవరకు పనిచేస్తుందని అడిగాను. మొదట తయారైనప్పుడు చేసిన పెద్ద స్టడీల్లో దాదాపు అందరికీ తగ్గింది, 99 శాతం వచ్చిన స్టడీ కూడా ఉంది, కానీ అందులో జెనోటైప్ 3 వాళ్ళు లేరు, మన దేశంలో ఎక్కువ ఉన్నదేమో ఆ 3వ రకమే. దాని మీద విడిగా చేసిన స్టడీ పేరు ఆస్ట్రల్-3, అందులో సిరోసిస్ లేనివాళ్ళలో 97 శాతం, ఉన్నవాళ్ళలో 91 శాతం మందికి వైరస్ పోయింది. నాది 3వ రకమే, సిరోసిస్ ఉంది, అంటే నా లెక్క 91. మామయ్య కాలంతో పోలిస్తే అది బంగారం. ఇంకో సంగతి కూడా చెప్పారు, హెపటైటిస్ బి వైరస్ కణం లోపల కేంద్రకంలో గూడు కట్టుకుని కూర్చుంటుంది, అందుకే దాన్ని అణచగలం గానీ మొత్తంగా తీసేయడం కష్టం, సి కి అలాంటి దాక్కునే చోటు లేదు, తన కాపీలు తీసుకుంటూ ఉంటేనే బతుకుతుంది, ఈ టాబ్లెట్లో ఒక మందు ఆ కాపీ తీసే ఎంజైమ్‌ని ఆపేస్తుంది, రెండోది ఇంకో ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, కాపీలు ఆగిపోతే కొన్ని వారాల్లో ఖాళీ అయిపోతుంది.

ఇక్కడ మనవాళ్ళందరికీ పనికొచ్చే ఒక ముఖ్యమైన సంగతి, గ్యాస్ టాబ్లెట్. నేను ఏళ్ళ తరబడి పొద్దున లేవగానే పాంటాప్ వేసుకునేదాన్ని, అది మందు అని కూడా అనిపించేది కాదు. వెల్పటాస్విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ కావాలట, పాంటాప్, ఒమెప్రజోల్ లాంటివి యాసిడ్ తగ్గించేస్తే మందు సరిగ్గా ఎక్కదు. గింజుకున్నాను గానీ మానేశాను, మరీ మంటగా ఉంటే జెల్ తాగేదాన్ని, అదీ టాబ్లెట్‌కి నాలుగు గంటలు ఎడం పెట్టి. మీరు వాడే ప్రతి మందూ డాక్టర్‌కి చూపించండి, టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ఇవి దీంతో అసలు పడవు, గుండెకి వాడే అమియోడరోన్‌తో కలిపితే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోతుంది. "ఇంకేం వాడుతున్నారు" అంటే మనం బీపీ, షుగర్ చెప్తాం గానీ గ్యాస్ టాబ్లెట్ ఎవరూ చెప్పరు.

సైడ్ ఎఫెక్ట్స్ అంటే మొదటి రోజుల్లో తలనొప్పి, కాస్త వికారం, తర్వాత అదీ లేదు. నేను రాత్రి భోజనం అవగానే వేసుకునేదాన్ని, అమ్మాయి అలారం పెట్టించింది, వీడియో కాల్‌లో మింగి చూపించాలి దానికి. నాకు వచ్చిన ఇబ్బంది అనుకోని వైపు నుంచి వచ్చింది. రెండో నెలలో ఒకరోజు పదకొండు గంటలకి చెమటలు, కాళ్ళు వణుకు, చూస్తే షుగర్ 58. ఈ వైరస్ ఉంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదట, వైరస్ తగ్గుతుంటే షుగర్ కూడా దిగుతుంది, నేను షుగర్ జబ్బుకి వాడే గ్లిమిపిరైడ్ టాబ్లెట్ అదే పాత డోసు వేసుకుంటూ ఉంటే మరీ పడిపోతుంది. షుగర్ డాక్టర్ గారు డోసు సగం చేశారు. షుగర్ ఉన్నవాళ్ళు ఈ కోర్సులో ఇంట్లో మిషన్‌తో చూసుకుంటూ ఉండండి.

నెలకొకసారి డబ్బా కోసం వెళ్ళినప్పుడు ఆ గది బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళం, అక్కడ నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు. డయాలసిస్ చేయించుకునే ఒక కుర్రాడు వచ్చేవాడు, మా తమ్ముడి కొడుకు వయసు, డయాలసిస్ వాళ్ళకి ఈ వైరస్ ఎక్కువ. కిడ్నీలు పోయినవాళ్ళకి సోఫోస్బువిర్ ఇవ్వడానికి మొదట్లో వెనకాడేవారట, ఇప్పుడు ఇస్తున్నారు, వాడికి తగ్గింది. ఇంకొకాయన, నా కంటే పదేళ్ళు పెద్ద, ఆయన్ని బాబాయి గారు అనేదాన్ని, అప్పటికే పొట్టలో నీరు పట్టింది, కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. ఆయనకి నా టాబ్లెట్టే, పక్కన రిబావిరిన్ కలిపి ఇచ్చారు. అలా లివర్ చెయ్యెత్తేసిన వాళ్ళకి ఒక్క టాబ్లెట్‌తో 83 శాతం, రిబావిరిన్ కలిపితే 94 శాతం అని ఆ మందు మీద జరిగిన స్టడీలో తేలింది. ఆయనకీ వైరస్ పోయింది, రిపోర్ట్ చూపించి నవ్వారు. కానీ నీరు పోలేదు. లివర్ అప్పటికే అయిపోయింది, చనిపోయినవాళ్ళ అవయవాలు ఇప్పించే గవర్నమెంట్ పథకం జీవన్‌దాన్‌లో లివర్ కోసం పేరు రాయించుకున్నారు. మేమిద్దరం ఒకే మందు వాడాం, ఇద్దరికీ ఒకే రిపోర్ట్ వచ్చింది, నేను ఇప్పుడు వంట చేసుకుంటూ ఇది టైప్ చేస్తున్నా, ఆయన ఫోన్ కోసం ఎదురుచూస్తున్నారు. నాకు ఆపరేషన్ పేరుతో దొరికిపోయింది కాబట్టి తేడా వచ్చింది, అంతకంటే ఏం లేదు.

కోర్సు అయిన రోజే టెస్ట్ చేయించుకోవాలని నా చేతులు దురద పెట్టాయి. ఆ రోజు నెగెటివ్ వచ్చినా దానికి విలువ లేదన్నారు, ఎందుకంటే మందు లోపల ఉండగా వైరస్ కనపడకపోవచ్చు, మామయ్యకి జరిగింది అదే. ఆపేసి 12 వారాలు ఆగాక చేసి అప్పుడు కూడా లేకపోతే అది నిజంగా పోయినట్టు, దాన్ని ఎస్‌వీఆర్ 12 అంటారు. ఆ మూడు నెలలు మాత్రం, మందు వాడిన మూడు నెలల కంటే భారంగా గడిచాయి. కొంచెం నీరసం వస్తే మళ్ళీ వచ్చిందేమో అని అనుమానం. తిరగబెడితే ఇంకా ఎక్కువ కాలం రిబావిరిన్ కలిపి ఇచ్చే దారి ఉందని చెప్పారు గానీ ఆ పేరు వింటేనే నాకు మామయ్య కనపడేవారు. రిపోర్ట్ వచ్చిన రోజు మా వారు బ్రాహ్మణ వీధి షాపు నుంచి పూతరేకులు తెచ్చారు, షుగర్ అని ఒకటే తిననిచ్చారు.

తర్వాత గాల్ బ్లాడర్ ఆపరేషన్ వేరే ఆస్పత్రిలో చేయించాం. అక్కడ మళ్ళీ మొదటికొచ్చింది, కార్డ్ టెస్ట్ చేస్తే మళ్ళీ పాజిటివ్. యాంటీబాడీలు పోవు, దొంగ ఊరు వదిలి వెళ్ళిపోయినా స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ ఉండిపోయినట్టు అది ఉండిపోతుంది. అక్కడి నర్సమ్మ మొహం మారింది, నేను ఆర్ఎన్ఏ రిపోర్ట్ తీసి చూపించాను, సర్జన్ గారు చదువుకున్న మనిషి కాబట్టి ఒక్క నిమిషంలో సరే అన్నారు. ఆ రిపోర్ట్ జిరాక్స్ ఫైల్‌లో ఒకటి, ఫోన్‌లో ఫోటో ఒకటి, అమ్మాయి దగ్గర ఒకటి ఉంచాను. మీకు తగ్గితే మీరూ అలాగే ఉంచుకోండి, జీవితాంతం ఎవరో ఒకరు ఆ కార్డ్ టెస్ట్ చేస్తూనే ఉంటారు. రక్తదానం మాత్రం చేయకూడదు. ఒకసారి పోయింది కదా అని మళ్ళీ రాకుండా ఉండదు, దీనికి టీకా లేదు, ఒంట్లో రక్షణ మిగలదు, అందుకని సూది కొత్తదేనా అని ఇప్పుడు నేను అడిగే తీరుకి మా వారు సిగ్గుపడుతుంటారు.

ఏడాది తర్వాత ఫైబ్రోస్కాన్ 14 నుంచి 10 లోపుకి దిగింది, ప్లేట్‌లెట్స్ లక్షా నలభై, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ కూడా మామూలుకి వచ్చేసింది. సిరోసిస్ పోయిందా అని ఆశగా అడిగితే, వాపు తగ్గింది కాబట్టి నంబర్ తగ్గింది, మచ్చ అంత తొందరగా పోదు, ఒకసారి సిరోసిస్ దాకా వెళ్ళినవాళ్ళకి వైరస్ పోయినా లివర్ క్యాన్సర్ ప్రమాదం తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు, ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్ మానకండి అన్నారు. చాలామంది ఇక్కడే జారిపోతారట, తగ్గిపోయింది కదా అని స్కాన్‌కి రారు. నాది వచ్చే స్కాన్ శ్రావణంలో పడింది, పేరంటాల హడావిడిలో మర్చిపోకుండా క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాశాను, అదే రోజు హెపటైటిస్ బి టీకా మూడో డోసు కూడా వేయించుకోవాలి.